కామాల రాని ఇల్లు

తొంభై ఎనిమిదో సంవత్సరం, చలి మొదలయ్యే రోజుల్లో నన్ను హోసూరుకు వేశారు. బెంగళూరులోని మా పరిశోధన సంస్థలో నేనప్పుడు సీనియర్ రీసెర్చ్ ఆఫీసర్‌ని. ఆర్డరు మీద సంతకం పెడుతూ డైరెక్టరు చెప్పిన కారణం ఒక్కటే. ఆ పల్లెల్లో చాలామంది తెలుగువాళ్లు, మీది తెనాలి దగ్గర ఊరు, ఇక మీకు దుభాషి అక్కర్లేదు అన్నారు. ఆ మాట నిజమేనని నేనూ అనుకున్నాను.

ఎపిడెమియాలజిస్టు అంటే రోగికి మందిచ్చే డాక్టరు కాదు. జబ్బు ఎవరికి వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని అడుగుతూ పోయి, ఎందుకు వచ్చిందో చెప్పవలసిన మనిషి. నాకు అప్పగించిన పని హెచ్ఐవీ ఉన్నవాళ్లలో హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఏ మేరకు ఉన్నాయో చూడటం. ఈ మూడూ నెత్తురు దారిన నడిచేవే. బర్గూరు క్వారీల నుంచి గ్రానైటు దిమ్మలు మోసుకుని మద్రాసు రేవుకు పోయే లారీలు, వాటి డ్రైవర్లు, వాళ్ల ఇళ్లు మా పరిధి. హోసూరులో అద్దె ఇంటి ముందుగది ఆఫీసు. వెనకగదిలో నెత్తురును గిరగిర తిప్పి సీరం వేరు చేసే యంత్రం, ఐసు పెట్టెలు. నాతో ల్యాబ్ టెక్నీషియన్ సుబ్బారావు ఉండేవాడు. ఒంగోలు మనిషి. జీపు నడిపేది కృష్ణగిరి తమిళుడు.

ఆ నెలలను తలచుకుంటే నాకు ముందు మంచు కనిపిస్తుంది, తర్వాతే మనుషులు కనిపిస్తారు. పొద్దున్నే జీపు బేరిగై దారి పట్టేసరికి రెండు పక్కలా ఏమీ ఉండేది కాదు. తెల్లటి ఏమీలేనితనంలో నుంచి ఒక గొర్రె తల బయటికి వచ్చేది, దాని వెనక మంద, మంద వెనక కంబళి కప్పుకున్న మనిషి. ఎక్కడో గులాబీ తోటల్లో బకెట్లు తగిలిన చప్పుడు వినిపించేది, తోట మాత్రం కనిపించేది కాదు. గులాబీలు కోసే ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలు గాలిలో తేలి వచ్చేవి. సగం తెలుగు, సగం కన్నడం, మధ్యలో తమిళం. నాకు అన్నీ అర్థమవుతున్నట్టే ఉండేది. కలలో మాట్లాడేవాళ్ల మాటలు కూడా అలాగే అర్థమవుతాయి.

హోసూరులో తెలిసిన డాక్టరు ఒకాయన కబురు పెట్టాడు. ఒకే పల్లె నుంచి ముగ్గురు మగవాళ్లు పచ్చకామెర్లతో వచ్చారు, ముగ్గురిలోనూ హెపటైటిస్ బి ఉంది. మా వృత్తిలో ఒక లెక్క ఉంది. కామెర్లు ఒకరికి వస్తే రోగి, ఒకే ఊళ్లో ముగ్గురికి వస్తే ప్రశ్న. మా అధ్యయనానికి ఇది నేరుగా చెందినది కాకపోయినా, బెంగళూరుకు చెప్పి అనుమతి తీసుకుని ఆ ఊరికి వెళ్లాం. ఊరి పేరు రాయను. బేరిగై దాటి లోపలికి పోవాలి. మనుషుల పేర్లు కూడా మార్చే రాస్తున్నాను.

ఆ ఊళ్లో ఒక వీధి నిండా ఒకే వంశం వాళ్లు. పాతకాలం నుంచి గొర్రెలు కాచుకునేవాళ్లు, ఇప్పుడు చాలామంది తోటల్లోకో హోసూరు ఫ్యాక్టరీల్లోకో పనికి పోయేవాళ్లు. వాళ్లకు పెద్ద మునెప్ప. అందరూ ఆయన్ను పెద్దప్పా అని పిలిచేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. జగిలి అని వాళ్లు చెప్పే ఎత్తైన అరుగు మీద కంబళి పరిచి మమ్మల్ని కూర్చోబెట్టాడు.

"ఈడ కామాల వచ్చి పట్టుకొనిందమ్మా," అన్నాడు. పచ్చకామెర్లను వాళ్లు కామాల అంటారు. "పెద్దోళ్లకి రాలే. వయసు పిల్లోళ్లకే వచ్చింది. ఇంటికొకడు పడుకోనుండాడు. నా కొడుకు కూడా."

తిరిగి చూశాం. మంచు ఇంకా వదలని గదుల్లో, నులక మంచాల మీద పసుపు కళ్లు. తలుపు తీసినప్పుడు పడే వెలుగులో ఆ కళ్లు ఒక్కసారి మావైపు తిరిగేవి. ఇంటింటికీ అవే కళ్లు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు గాని మునెప్ప కొడుకు మాత్రం బాగా నీరసించి, అన్నం వాసన పడక గోడవైపు తిరిగి పడుకున్నాడు. అందరూ నీళ్లు తాగే బావి ఒకటే, కొళాయి ఒకటే. నీళ్ల వల్ల వచ్చే కామెర్లయితే ఆడవాళ్లనూ పిల్లలనూ వదలవు. ఇక్కడ ఆడవాళ్లలో ఒక్కరికీ లేదు. బయటికొచ్చాక సుబ్బారావు నెమ్మదిగా అన్నాడు.

"చూశారా మేడం, ఊరంతా ఒకటే క్రాపు. పోలీసు సెలక్షనుకు పోయొచ్చినట్టున్నారు."

నేను నవ్వి ఊరుకున్నాను.

సాయంత్రం తిరిగి బయలుదేరుతుంటే మునెప్ప జీపు దాకా వచ్చాడు. ఆయన అసలు మాట అప్పుడు చెప్పాడు. వీధి చివర ఇంట్లో రత్నమ్మ అనే ఆమె ఉంది. ఆయన తమ్ముడు లగుమప్ప కోడలు. ఆమె భర్త బర్గూరులో గ్రానైటు లారీ నడిపేవాడు, పోయిన ఏడాది చనిపోయాడు. ఏ జబ్బుతో చనిపోయాడో ఊరందరికీ తెలుసు.

"అందరి ఇంట్లో కామాల వచ్చింది. ఆ ఇంట్లో మాత్రం రాలే. ఏమి లెక్కమ్మా ఇది? వచ్చింది ఆడ నుంచే అని కదా? వయసు పిల్లోళ్లకే యాల వచ్చింది? నోరు తెరిచి చెప్పుకోలేము. మీరు ఆమె నెత్తురు తీసుకోనిపోయినారు గదా, కృష్ణగిరిలో. ఆ రిపోర్టు చెప్పండి. అమావాస్యకి కులమంతా కూడుతారు. ఉంటే ఆమె ఊరు వదిలి పోవల్ల. అంతే."

రత్నమ్మ మా అధ్యయనంలో ఉన్న మాట నిజం. భర్త హెచ్ఐవీ రోగి కాబట్టి కృష్ణగిరి క్లినిక్‌లో ఆమెను కలిసి, అన్నీ వివరించి, ఒప్పుకున్నాక నెత్తురు తీసుకున్నాం. సీసా మీద పేరు ఉండదు, గుర్తు మాత్రం ఉంటుంది. ఆ ఫలితం ఆమెకు తప్ప మూడో మనిషికి చెప్పకూడదు. అది నియమం. మునెప్పకు ఆ సంగతి చెప్పాను. ఆయన వినయంగానే తల ఊపాడు. తర్వాత, "చెప్పలేదంటే ఉండాదనే అర్థమమ్మా, మాకంత తెలుసు," అన్నాడు.

మర్నాడు రత్నమ్మను గులాబీ తోటలో కలిశాను. మంచులో నుంచి చేతులు ముందు కనిపించాయి. ముళ్లు గీరిన చేతులు, వేళ్లకు చింకి గుడ్డ చుట్టుకుంది. పక్కన కోసేవాళ్లు ఆమెకు ఒక వరస దూరంగా ఉన్నారు. ఆమె కోసిన పూలు కూడా వేరే బకెట్‌లో ఉన్నాయి.

"పెద్దప్ప మీకాడ చెప్పినాడంట గదా," అంది. "నా రిపోర్టు ఊరి ముందర చెప్పేయండమ్మా. ఉంటే ఉండాదని, లేకుంటే లేదని. నేనే ఒప్పుకుంటా ఉండా గదా."

ఆమె ఒప్పుకున్నా చెప్పకూడదని ఆమెకు వివరించడం నా ఉద్యోగంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. ఈ రోజు ఒకరిది లేదని ఊరి ముందు చెబితే, రేపు ఇంకొకరి గురించి నేను మాట్లాడకపోవడమే ఉందని చెప్పడం అవుతుంది. ఒక్కసారి తెరిచిన తలుపు ఎవరికోసమూ మళ్లీ మూసుకోదు. ఆమె అంతా విని, కత్తెర బకెట్‌లో పడేసింది.

"మీ రూల్సు మీకు కూడు పెడతాయి తల్లీ. నన్ను ఊరు దాటిస్తాయి. నాకు యాడ ఉండాది ఇల్లు? అమ్మగారింటి వాళ్లు ఎప్పుడో తలుపు వేసేసినారు. మామకి కళ్లు సరిగ్గా కనిపించవు. పిల్లోనికి ఇప్పుడిప్పుడే మీసాలు వస్తా ఉండాయి. ఈ ఇద్దరినీ తీసుకోని నేను యాడికి పోయేది?"

నేను చేయగలిగింది ఒకటే. ఆమె నెత్తురులో ఏముందో చెప్పకుండా, ఆ మగవాళ్ల నెత్తురులోకి ఆ వైరస్ ఎలా చేరిందో చెప్పాలి. అదీ అమావాస్య లోపల.

నియమం ప్రకారం మొదటి పని రోగి అని ఎవరిని అనాలో తేల్చుకోవడం. కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో ఉండి, శ్రావణం తర్వాత జబ్బు పడ్డ ప్రతి మనిషీ మా పట్టీలోకి వస్తాడు. తర్వాత అదే వంశంలో జబ్బు రాని వాళ్లనూ కూర్చోబెట్టి, ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడగాలి. జబ్బు పడినవాళ్లు చేసినది, పడనివాళ్లు చేయనిది ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకోవాలి. నెత్తురుకూ కాపురానికీ సంబంధించిన ప్రశ్నలు కాబట్టి గదిలో ఊరివాళ్లెవరూ ఉండకూడదు. ఊరి నర్సు తమిళమ్మాయి, ఆమెను కూడా బయటే ఉండమన్నాం. లోపల నేను, సుబ్బారావు, ఎదురుగా ఒక మనిషి. ఊరి బడిలో ఒక గది ఇచ్చారు. కిటికీలోంచి మంచు లోపలికి వచ్చి బెంచీల మీద కూర్చునేది.

సూది వేయించుకున్నావా, పన్ను పీకించుకున్నావా, నెత్తురు ఎక్కించుకున్నావా, పచ్చబొట్టు పొడిపించుకున్నావా, పరాయి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లావా. చివరి ప్రశ్నకు కొందరు నవ్వారు, కొందరు నేల చూశారు, ఒకడు మాత్రం, "నా పెండ్లాము దెబ్బకే తట్టుకోలేక ఉండా, ఇంకొకరు యాలమ్మా," అన్నాడు. సూదులు వేసే ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి వీళ్లలో సగం మంది పోనే లేదు. క్షవరం ఎక్కడ చేయించుకుంటావని అడిగితే అందరూ గర్వంగా ఒకే మాట. బేరిగై సెలూన్‌లో, కొత్త బ్లేడు, మా కండ్ల ముందరే కాగితం చించుతాడు. ఎయిడ్స్ గురించి రేడియోలో చెప్పినప్పటి నుంచి ఆ ప్రాంతపు సెలూన్లన్నీ కొత్త బ్లేడ్లకు మారాయి, గోడ మీద బోర్డులు కూడా పెట్టాయి. అది నేను స్వయంగా వెళ్లి చూశాను కూడా.

శ్రావణంలో అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్లారా అని అడిగాను. వెళ్లారు. జవళగిరి అడవి అంచున వాళ్ల ఇంటి దేవర ఉంది. కొన్నేళ్లకొకసారి జాతర చేస్తారు. ఆడ ఏం చేశారంటే ముడి ఇచ్చినామన్నారు.

"అందరూ ఇచ్చారా?"

"వంశములో ఉండే మొగోళ్లంతా ఇచ్చినాము."

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. జ్వరం వచ్చినప్పుడల్లా పసుపు గుడ్డలో రూపాయి మూటగట్టి, వెంకన్నకు ముడుపు అని దూలానికి వేలాడదీసేది. ముడి, ముడుపు. ఎంత కట్టారు అని అడిగాను. ఎదురుగా కూర్చున్న కుర్రాడు నన్నూ సుబ్బారావునూ మార్చి మార్చి చూశాడు.

"కట్టేదేముందమ్మా? ఇచ్చేదే."

సుబ్బారావు కాగితం మీద ముడుపు అని రాసుకున్నాడు. గుడ్డలో కట్టిన రూపాయితో కామెర్లు రావు. నేను తర్వాతి ప్రశ్నకు వెళ్లాను. తర్వాత వచ్చినవాళ్లందరూ అదే చెప్పారు, మేమూ అదే రాశాం.

జబ్బు పడ్డవాళ్ల దగ్గరా పడనివాళ్ల దగ్గరా తీసిన నెత్తురు నమూనాలు బెంగళూరు వెళ్లి, ఫలితాలు తిరిగి వచ్చాయి. హెపటైటిస్ బి ఒంట్లో ఉందని చెప్పే పరీక్ష ఒకటి, అది కొత్తగా పట్టిందా పాతదా అని చెప్పే పరీక్ష ఇంకొకటి. పడుకున్న కుర్రాళ్లందరిలోనూ కొత్తదే. జబ్బు ఎప్పుడు బయటపడిందో కాగితం మీద గీసి చూస్తే గీత ఒక్కసారి పైకి లేచి, ఒక్కసారి కిందికి దిగింది. ఇలాంటి గీత ఒకటే చెబుతుంది. అందరికీ ఒకే రోజు, ఒకే చోట అంటింది. ఈ వైరస్ ఒంట్లో చేరిన రెండు మూడు నెలలకు గాని కళ్లు పచ్చబడవు. వెనక్కి లెక్కపెట్టుకుంటే శ్రావణం. అంటే జవళగిరి జాతర. అక్కడ ఏం జరిగింది? పొంగలి వండారు, పొట్టేలు కోశారు, డప్పులు కొట్టారు, ముడి ఇచ్చారు. వీటిలో నెత్తురు ఎక్కడుందో నాకు కనిపించలేదు. పొట్టేలు నెత్తురుతో మనిషికి ఈ జబ్బు రాదు.

అమావాస్య దగ్గర పడింది. రత్నమ్మ ఇంటికి వెళ్లాను. నిజానికి మొదటే వెళ్లవలసిన ఇల్లు. జబ్బు రాని మనుషుల్ని ఇంటింటి నుంచీ పిలిచి అడిగాం గాని, అసలు జబ్బే రాని ఇల్లు ఆ వంశంలో అదొక్కటే. నేను అటు పోతే ఊరు ఇంకో అర్థం తీస్తుందని ఆ ఇంటిని వెనక్కి పెట్టుకుంటూ వచ్చాం.

మధ్యాహ్నం. మంచు విడిచిపెట్టిన ఎండ, పాలలో కలిపినట్టు పలచగా ఉంది. వాకిట్లో ముసలి లగుమప్ప తలపాగా విప్పి పక్కన పెట్టుకుని, చెక్క దువ్వెనతో తల దువ్వుకుంటున్నాడు. భుజాల దాకా తెల్లటి జుట్టు. దువ్వెన దిగినప్పుడల్లా ఎండ అందులోంచి జారిపోతోంది. గడప దగ్గర మనవడు చెప్పులు తొడుక్కుంటూ, కళ్ల మీద పడ్డ జుట్టును ఊదుకుంటున్నాడు. ఆ ఇద్దరినీ చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తు లేదు. ఏదో ఒక సంగతి నీళ్లడుగున కదిలినట్టు కదులుతోంది గాని పైకి రావడం లేదు.

"ఎవురది? డాక్టరమ్మా? కూర్చోండి. ఈడ కూర్చుంటే మీకేమీ అంటుకోదులే," అన్నాడు లగుమప్ప. "జాతరకి పోయినారా అని అందరినీ అడిగినారంట. నన్ను అడగలే."

"చెప్పండి, మీరు వెళ్లారా?"

"పోయినాను. ఎందుకు పోను? నా దేవర కాదా? పోతే మా అన్న ఏమన్నాడో తెలుసునా? నువ్వు ఆ ఇంట్లో కూడు తింటా ఉండావు, నీకూ నీ మనవనికీ ముడి లేదు పొండి అన్నాడు. పుట్టినప్పటి నుంచి ఇస్తా ఉండాను, ఈ తూరి వద్దన్నాడు. దూరముగా కూర్చోని చూస్తా ఉండినాము." గుప్పెడు జుట్టు పట్టుకుని నావైపు చాపాడు. "ఇదో, అట్లే ఉండాది. దేవరకి ఇయ్యాల్సిన ముడి, నా నెత్తి మీదనే మోస్తా ఉండా."

 తర్వాత జీపు డ్రైవర్ని ముడి అంటే ఏమిటని అడిగితే, ఈమెకేమైందన్నట్టు చూసి తన తల తడుముకుని, "ముడిన్నా ముడిదాన్ మేడం," అన్నాడు. ముడి అంటే ముడే కదా అని. తమిళంలో ఆ మాటకు జుట్టు అని అర్థం. కన్నడంలోనూ అదే. ఆ ఊరి తెలుగులోనూ అదే. దేవుడికి ఇచ్చే తలనీలాలు. ఊరంతటికీ ఒకటే క్రాపు ఎందుకుందో అప్పుడు తెలిసింది. వాళ్ల లెక్కలో క్షవరం సెలూన్‌లో చేయించుకునేది, ముడి దేవరకు ఇచ్చేది. రెండూ ఒకటేనని వాళ్లకు ఎప్పుడూ తోచలేదు. అందుకే ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ నిజమూ చెప్పలేదు.

లగుమప్పే మిగతాదంతా చెప్పాడు. మంగలిని పిలవరు. దేవర పెట్టెలో ఒక కత్తి ఉంటుంది, దాన్ని వంశంలో పెద్దే పట్టాలి, ఆయన ముడి మాత్రం మొదట ఆయన తర్వాతివాడు తీస్తాడు. వయసు వరస ప్రకారం మగవాళ్లు కూర్చుంటారు, ముసలివాళ్లు ముందు, కుర్రవాళ్లు వెనక. మధ్యలో కత్తి మార్చకూడదు, కడగకూడదు. అందరిదీ ఒకే నెత్తురని చెప్పడానికే ఒకే కత్తి. కత్తి మారితే వంశం చీలినట్టు. ఆడవాళ్లు మాత్రం పూముడి ఇస్తారు. అంటే కత్తెరతో మూడు పోగులు.

హెచ్ఐవీకి గాలి తగిలితే ఎక్కువసేపు బతకదు. హెపటైటిస్ బి అలా కాదు. ఎండిపోయిన నెత్తురు చుక్కలో రోజుల తరబడి ఉండగలదు, కంటికి కనిపించని గాటు చాలు దానికి. మొద్దుబారిన కత్తి, అడవి అంచున చలిగాలి, కదిలే తలలు. అందరినీ మళ్లీ ఒక్కొక్కరిగా పిలిచి ముడి గురించి అడిగాను. ఈసారి సరైన ప్రశ్న. నీ ముందు ఎవరు కూర్చున్నారు, నీ వెనక ఎవరు? ఆ వరసను ల్యాబు ఫలితాల పక్కన పెట్టుకుని ఆఫీసులో ఒంటరిగా కూర్చున్నాను. వరసలో మొదట కూర్చున్నవాళ్లలో కామెర్లు లేవు. ఒక చోట నుంచి మొదలై, వెనకదాకా వచ్చాయి. ఆ మొదలైన చోటికి సరిగ్గా ముందు కూర్చున్న మనిషి నెత్తురులో వైరస్ ఉంది గాని, కొత్తది కాదు. ఏళ్ల తరబడి ఒంట్లో ఉండి, ఏ బాధా పెట్టనిది. ఆ సంగతి ఆ మనిషికే తెలియదు. ఆయన్ను విడిగా పిలిచి ఆయనకు మాత్రం చెప్పాను. ఆయన ఎవరన్నది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అమావాస్య రోజు పొద్దున జగిలి చుట్టూ వంశమంతా కూడారు. రత్నమ్మ వీధి చివర తన వాకిట్లోనే నిలబడింది, రమ్మన్నా రాలేదు. మంచులో ఆమె చీర రంగు మాత్రం తెలుస్తోంది. కామెర్లు నీళ్ల వల్ల రాలేదని, ఆడవాళ్ల వల్ల రాలేదని, ముడి ఇచ్చినప్పుడు కత్తి వల్ల వచ్చాయని చెప్పాను.  అందరూ ఒక్కసారి మాట్లాడారు.

"దేవర కత్తికి అంటు ఉంటుందా అమ్మా?" అన్నాడు మునెప్ప. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"దేవరకు లేదు పెద్దప్పా. మనిషి నెత్తురుకు ఉంటుంది. కత్తి ఒకరి నెత్తురును ఇంకొకరికి మోసింది, అంతే. మోసేది దేవర కత్తి అయినా మోస్తుంది."

"ముందర కూర్చున్నోళ్లకి యాల రాలే మరి?"

అది చాలా మంచి ప్రశ్న. జవాబు చెప్పక తప్పలేదు. వైరస్ ఉన్న మనిషి వరస మధ్యలో ఉన్నాడు, ఆయన తర్వాత కూర్చున్నవాళ్లకే వచ్చిందన్నాను. ఎక్కడ పొరపాటు మాట వచ్చిందో నాకు వెంటనే తెలిసింది. మునెప్ప పక్కనున్న చేటలోంచి గుప్పెడు చింతగింజలు తీసుకుని నేల మీద ఒక్కొక్కటే పెట్టసాగాడు. "మొదట నేను. నా వెనక గోపాలప్ప. వాని వెనక..." చుట్టూ ఉన్నవాళ్లు వంగి చూస్తున్నారు. వరస అందరికీ కంఠతా వచ్చు. ఎవరింట్లో కామాల ఉందో అందరికీ తెలుసు. ఇంకొన్ని గింజలు పెడితే చాలు, లెక్క దానంతటదే తేలుతుంది.

నేను కిందికి వంగి ఆ గింజల మీద చెయ్యి ఉంచాను.

"ఆపండి పెద్దప్పా. ఇంకో గింజ పెడితే ఒక మనిషి బయటపడతాడు."

"పడనీయమ్మా. ఎవుని నెత్తురో తెలియద్దా?"

"ఆ మనిషి ఏ తప్పూ చేయలేదు. కత్తి కింద కూర్చున్న రోజు అది తన ఒంట్లో ఉన్నట్టు తనకే తెలియదు. బయటపడితే ఆయనకు రేపటి నుంచి ఎవరు మంచినీళ్లు పోస్తారు? ఆమె రిపోర్టు ఎందుకు చెప్పలేదో, ఇదీ అందుకే చెప్పను."

మునెప్ప నా చేతి వైపు, దాని కింద గింజల వైపు చూశాడు. పెట్టవలసిన తర్వాతి గింజ ఆయన వేళ్ల మధ్యే ఉంది. ఆ గింజ ఎవరిదో ఆయనకు తెలుసు. ఆ తర్వాతది ఎవరిదో తెలుసు. ఎక్కడ ఆగితే ఎవరి పేరు వస్తుందో అప్పటికే మనసులో లెక్క వేసి ఉంటాడు, లేదా వేయడానికి భయపడి ఉంటాడు. ఏది నిజమో నాకు తెలియదు. మెల్లగా ఆ గింజను చేటలో వేశాడు. నా చేయి తీయమని సైగ చేసి, నేల మీద వాటిని అరచేత్తో కలిపేశాడు.

"ఆ నెత్తురు నాదైనా అయ్యుండేది గదా," అన్నాడు.

"ఎవరిదైనా అయ్యుండేది."

వెనక నుంచి ఒక కుర్రవాడు, "అట్లయితే రత్నమ్మ వదిన సంగతి?" అన్నాడు. ఆ వంశంలో తెలివైనవాడని పేరున్న ఒక ముసలాయన వాణ్ణి కసిరాడు. "వదినమ్మ సంగతేమిరా? ఆమె ముడి ఇచ్చినదా? కత్తి ముట్టిందా? ఆ ఇంటోళ్లని దూరం పెట్టినాము, వాళ్లు బాగుండారు. దగ్గర కూర్చోబెట్టుకొన్నోళ్లము మనమే పచ్చగా ఉండాము." కొందరు నవ్వారు. ఆ నవ్వుతో సభ విడిపోయింది. మునెప్ప రత్నమ్మ గురించి అవునని గాని కాదని గాని చెప్పలేదు. లేస్తూ, "అమావాస్య మాట ఇంక ఎత్తొద్దండి," అని మాత్రం అన్నాడు. వాళ్ల మర్యాదలో తీర్పు వెనక్కి తీసుకోవడం అంటే అంతే.

మిగిలింది మా పని. హెపటైటిస్ బి టీకా అప్పటికి ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు. సంస్థకు రాసి, పచ్చబడినవాళ్ల భార్యలకూ ఇళ్లల్లో వాళ్లకూ వేయించాం. ఆ జాతరలో పుట్టువెంట్రుకలు తీయించిన పసిబిడ్డలను కూడా పిలిపించి పరీక్షించాం. పసివాళ్లకు ఈ వైరస్ పట్టినా కళ్లు పచ్చబడవు, అది మౌనంగా ఏళ్లకేళ్లు ఉండిపోతుంది. కామెర్లు వచ్చినవాళ్లకన్నా రానివాళ్ల గురించి ఎక్కువ భయపడాలని తల్లులకు చెప్పడం కష్టమైంది. మునెప్ప కొడుకు చలికాలం వెళ్లేసరికి లేచి తిరిగాడు. రత్నమ్మ ఊళ్లోనే ఉంది. తోటలో ఆమె బకెట్ వేరుగానే ఉందని, వరస దూరం మాత్రం కొంచెం తగ్గిందని నేను చివరిసారి చూశాను. ఆమె నాతో ఆ తర్వాత మాట్లాడింది తక్కువ. ఒకసారి మాత్రం, "చెప్పకుండానే గెలిపించినారు, చెప్పి ఉంటే ఇంకా తొందరగా గెలుస్తా ఉంటిని," అంది. ఆమె రిపోర్టులో ఏముందో ఇక్కడా రాయడం లేదు కాబట్టి, ఆ మాటకు అర్థం చదివేవాళ్లు ఊహించకుండా వదిలేయాలని కోరుతున్నాను.

ఆ ఊరు నాకు ఇప్పటికీ మంచులోనే కనిపిస్తుంది. కాని అక్కడ నేర్చుకున్నవి స్పష్టంగా ఉన్నాయి. జబ్బు వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు ముందు జబ్బు రాని ఇంటికి వెళ్లాలి. ఆ ఇంటివాళ్లను ఊరు దేనికి దూరంగా పెట్టిందో అడగాలి. సొంత భాష మాట్లాడే ఊరికి వెళ్లినప్పుడు దుభాషి మరింత అవసరం, ఎందుకంటే తెలియని భాషలో మనిషి అడుగుతాడు, తెలిసిన భాషలో అడగడు. ఇక రహస్యం అనేది మంచి ఫలితానికీ చెడ్డ ఫలితానికీ ఒకే రకంగా వర్తించాలి. లేకపోతే అది రహస్యం కాదు. ఈ మూడో సంగతి మాకు శిక్షణలో చెప్పారు. దాని బరువెంతో మాత్రం చింతగింజల మీద చెయ్యి పెట్టినప్పుడే తెలిసింది.